పాత కెమేరా వయసెంత?



మీ ఇంట్లో అటకమీదనో, నాయనమ్మ సందుగలోనో తోలుసంచీలో పెట్టిన పాత కెమేరా ఒకటి ఉండవచ్చు. దొరికితే సంతోషమే. కాని దాని వెనక తలుపు మాత్రం వెంటనే తెరవకండి!

ఎందుకంటారా? లోపల ఫిల్ము ఉండిపోయి ఉండవచ్చు. కడిగించని ఫిల్ముకు వెలుతురు తగిలితే బొమ్మలన్నీ పోతాయి. మన నల్లగొండ, మహబూబ్‌నగరు పల్లెల్లో ఒకప్పుడు ఫోటో తీయించుకోవడమంటే పెళ్ళికో, పెద్ద పండుగకో జరిగే ముచ్చట. మీరు చూడని ముత్తాతగారి ముఖం ఆ రీలులోనే ఉందేమో, ఎవరికి తెలుసు? అందుచేత ముందు కెమేరా పైభాగాన ఎడమవైపు ఉండే పిడిని బాణంగుర్తు చూపిన దిక్కుకు మెల్లగా తిప్పండి. బిగువుగా ఉంటే లోపల ఫిల్ము ఉన్నదన్నమాట. ఇక తిప్పకుండా, ఫిల్ము కడిగేవారికి అలాగే అప్పగించండి. ఊరికే తిరిగితే ఖాళీదే కావచ్చు. అయినా మొదటిసారి బాగా చీకటిగా ఉన్న గదిలో తెరిచి, వేలితో తడిమి చూడటం మేలు.

ఇప్పుడు మనం రేంజిఫైండరు కెమేరా సంగతి తెలుసుకుందాం. రేంజి అంటే దూరం. ఫైండరు అంటే కనుక్కునేది. దూరంతో కెమేరాకు పనేమిటి?

మహబూబ్‌నగరుకు ఆ పేరు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పేరుమీద వచ్చింది. ఆయన ఆస్థానంలో ఫోటోలు తీసినవాడు రాజా దీన్‌దయాళ్ (1844-1905). ఆ కాలపు కెమేరాలు పెద్ద పెట్టెలు. వాటిని ముక్కాలిపీటమీద నిలబెట్టి, తలమీద నల్లగుడ్డ కప్పుకొని, వెనక ఉన్న గరుకు గాజుమీద పడే బొమ్మను చూస్తూ లెన్సును సరిచేసేవారు. చేతిలో ఇమిడే చిన్న కెమేరా వచ్చాక ఆ గాజుకు చోటు లేకపోయింది. ఎదుటి మనిషి ఎంత దూరాన ఉన్నాడో తెలియకపోతే బొమ్మ మసకగా వస్తుంది. మరి తెలిసేదెట్లా?

ఒక పరీక్ష చేసి చూడండి. నల్లగొండలో ఉన్నవారు లతీఫ్ సాహెబు గుట్టవైపు, తక్కినవారు తమ ఊరి గుట్టవైపు తిరిగి నిలబడండి. బొటనవేలు ముఖానికి ఎదురుగా పెట్టి, ఒకసారి ఎడమకన్ను, ఒకసారి కుడికన్ను మూయండి. వేలు గుట్టమీద అటూ ఇటూ గంతులు వేస్తుంది. చేయి బాగా చాస్తే గంతు చిన్నది. ముక్కు దగ్గరికి తెస్తే గంతు పెద్దది. అంటే గంతును కొలిస్తే దూరం తెలిసిపోతుంది!

రేంజిఫైండరు చేసే పని ఇదే. దానికి ముందువైపు, మన రెండు కళ్ళలాగే, ఎడంగా రెండు కిటికీలు ఉంటాయి. లోపల ఉన్న అద్దాలు ఆ రెంటి బొమ్మలను ఒకేచోట చూపిస్తాయి. లెన్సును తిప్పుతూ ఉంటే రెండు బొమ్మలు దగ్గరికి జరుగుతాయి. రెండూ కలిసి ఒకటి కాగానే దూరం కుదిరినట్టే. జర్మనీలో తయారైన లైకా కెమేరా 1925లో అమ్మకానికి వచ్చింది. లెన్సుతోపాటే కదిలే రేంజిఫైండరు దానికి 1932లో అమర్చారు.

ఇక వయసు సంగతి. అమ్మేవాడు "ఇది నిజాముల కాలం నాటిది బాబూ!" అనవచ్చు. ఆ మాట విని ధర కట్టకండి. కెమేరానే అడగండి. అది జవాబు చెబుతుంది.

జపాను వారి యాషికా ఎలక్ట్రో 35 చూడండి. మొదటిరకం 1966లో వచ్చింది. 1973లో వచ్చిన రకాలకు జి.ఎస్.ఎన్., జి.టి.ఎన్. అనే పేర్లు. అక్షరాలు చెరిగిపోతే, పైన ఫ్లాషు లైటు తొడిగే గాడిని చూడండి. దాని మధ్య లోహపు చుక్క ఉంటే అది 1966 నాటి మొదటిరకం కాదు. సోవియట్ దేశపు జోర్కి-4 అయితే ఇంకా సులువు. దాని నంబరులో మొదటి రెండంకెలే తయారైన సంవత్సరం. 64తో మొదలయితే 1964 అన్నమాట.

పేరునూ గుడ్డిగా నమ్మరాదు. ఎందుకో వినండి. ఖార్కోవ్ నగరంలో దిక్కులేని పిల్లలకోసం 1927లో ఒక ఆశ్రమం వంటిది పెట్టారు. మకరెంకో అనే ఉపాధ్యాయుడు దానిని నడిపాడు. ఆ పిల్లలు చదువుకుంటూ, పని నేర్చుకుంటూ, లైకాను చూసి అటువంటి కెమేరానే చేశారు. 1934 నుంచి అక్కడ "ఫెడ్" అనే పేరుతో కెమేరాలు వరుసగా తయారయ్యాయి. తరవాతి కాలంలో మోసగాళ్ళు ఫెడ్, జోర్కి కెమేరాల పేర్లు గీకివేసి, "లైకా" అని చెక్కి, ఎక్కువ ధరకు అమ్మారు. లెన్సు విప్పి చూస్తే దొంగతనం బయటపడుతుంది. లోపల ఉండే చిన్న మీట కొనకు లైకాలో బుల్లిచక్రం ఉంటుంది. పాత ఫెడ్‌లో, తొలి జోర్కిలో ఆ చక్రం ఉండదు. కష్టపడి చేసిన పిల్లల పేరు చెరిపి, మరొకరి పేరు పెట్టడం ఎంత అన్యాయమో చూశారా!

హైదరాబాదులో గురువారంనాడు జరిగే జుమేరాత్ బజారు వంటి చోట పాత కెమేరా కొనాలంటే పెద్దవారిని వెంట తీసుకువెళ్ళండి. లెన్సులోకి టార్చిలైటు వేసి చూడండి. సాలెగూటి దారాల వంటివి కనిపిస్తే అది బూజు. కిటికీలోనుంచి దూరపు గుట్టను చూస్తూ, లెన్సును చివరిదాకా తిప్పండి. రెండు బొమ్మలూ కలవకపోతే రేంజిఫైండరు తప్పింది. యాషికా మీటను లాగినప్పుడు లోపల "టక్" మని చప్పుడు రావాలి. రాకపోతే లోపలి చిన్న రబ్బరుముక్క అరిగిపోయి ఉంటుంది. బాగుచేయవచ్చు, కాని ఆ కూలి ధరలోనుంచి తగ్గించమనండి.

బాగుచేసేటప్పుడు తొందర కూడదు. బిగుసుకుపోయిందని కుట్టుమిషను నూనె పోయకండి. నూనె షట్టరు రేకులకు పాకితే అవి అతుక్కుపోతాయి. వెనక తలుపు అంచులలో ఉండే నల్లటి స్పాంజి పాతబడి తారులా జిగటగా మారుతుంది. దానిని పెద్దలు స్పిరిటు అద్దిన దూదిపుల్లతో తుడిచి, కొత్తది అతికించాలి. పాత యాషికాలో వేసే పాదరసపు బ్యాటరీలు ఇప్పుడు రావు. చిన్న తొడుగులో వేరే బ్యాటరీ పెడతారు. లోపల పాత బ్యాటరీ కారి ఉంటే మీరు ముట్టుకోవద్దు.

బాగైన కెమేరాను తోలుసంచీలో దాచకండి. వానాకాలంలో తోలు తేమ పట్టి, లెన్సుకు బూజు తెస్తుంది. మూతబిగువైన డబ్బాలో తేమ పీల్చే పొట్లాలు వేసి ఉంచండి.

చివరిగా ఒక పని. కెమేరా పేరు, నంబరు ఒక కాగితంమీద రాయండి. దానిని ఎవరు కొన్నారు, ఎక్కడ కొన్నారు, మొదట ఎవరి ఫోటో తీశారు అని ఇంట్లో పెద్దలను అడిగి, ఆ జవాబులు దానికిందే రాసిపెట్టండి. నంబరు ఎప్పుడైనా చూసుకోవచ్చు. నాయనమ్మకు గుర్తున్న మాటలు మాత్రం ఇప్పుడే అడగాలి.