గని లేకపోయినా లోహం

ఏ దేశం ఎంత ఖనిజం తవ్విందో చెప్పే పట్టికలు చూసి ఎవరి బలమెంతో తేల్చేయడం మనకు అలవాటు. ఆంటిమొనీ సంగతే చూడండి. ఇది రేర్ ఎర్త్ మూలకం కాదు గానీ, అవసరంలో తక్కువేమీ కాదు. బ్యాటరీల్లో సీసపు పలకలు గట్టిపడాలన్నా, ప్లాస్టిక్ చప్పున అంటుకోకుండా ఉండాలన్నా ఇది కావాలి. అమెరికా భూగర్భ సర్వే అంచనా ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం తవ్వింది 83 వేల టన్నులు. అందులో చైనా 40 వేలు, తజికిస్తాన్ 21 వేలు. ఆ జాబితాలో ఒమాన్ పేరు లేదు. అయినా అక్కడి సొహార్ ఫ్రీజోన్‌లో, బయటి దేశాల ముడిఖనిజంతో ఏడాదికి 20 వేల టన్నులు తీసే లక్ష్యంతో శుద్ధి కర్మాగారం కట్టారు. 2024 సెప్టెంబరులో చైనా ఆంటిమొనీ ఎగుమతులకు కళ్ళెం వేశాక అలాంటి కర్మాగారాల విలువ అందరికీ తెలిసొచ్చింది.

మనది తలకిందుల కథ. రేర్ ఎర్త్ మూలకాలున్న మోనజైట్ నిల్వలు దేశంలో అత్యధికంగా ఉన్నది ఆంధ్రప్రదేశ్ తీరపు ఇసుకలోనే. 2023లో విశాఖలో ప్రారంభించిన రేర్ ఎర్త్ అయస్కాంతాల ప్లాంటు సామర్థ్యం మాత్రం ఏడాదికి 3 టన్నులే! మోనజైట్‌లో థోరియం కూడా ఉంటుంది కనుక దాన్ని శుద్ధి చేయడం ఖర్చుతో, జాగ్రత్తతో కూడిన పని. నిజమే. కానీ తీరం తవ్విన నష్టం మనకూ, లోహం లాభం ఇంకొకరికీ అయితే ఎలా? ఇసుక లీజు ఎవరికిస్తున్నారని అడిగేముందు, శుద్ధి ఎక్కడ చేస్తారని అడగాలి.