ఆకలి చెప్పే ఆచూకీ

ఆరున్నర అడుగుల యెత్తు, 500 కిలోలకు పైబడ్డ బరువు, నెత్తిమీద రెండు చేటలు అమర్చినట్టుగా కొమ్ములు. ఇంత జంతువు అడవిలో కనపడకుండా పోవటమేమిటని యెవరికైనా అనిపిస్తుంది. ఉత్తర అమెరికాలోని మూస్ సంగతి చెబుతున్నాను. దుప్పి జాతులన్నిటిలోకీ ఇదే పెద్దది. మన నల్లమల కణితి పోతు దాని పక్కన నిలబడితే దూడలాగా వుంటుంది. అయినా వారం రోజులు అడవులు పట్టి తిరిగి, దాని నీడైనా చూడకుండా ఇంటికి చేరే వేటగాళ్ళు అలాస్కాలోను, కెనడాలోను కొల్లలు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత వేట ముచ్చట పుస్తకాలలో చదువుకోవలసిందే. అక్కడ మాత్రం లైసెన్సు తీసుకొని, గడువులోపల ఒక్క మూస్‌ను కొట్టి, ఆ మాంసంతో చలికాలం వెళ్ళదీసే కుటుంబాలు ఇప్పటికీ వున్నాయి. వాళ్ళకది వట్టి సరదా కాదు, ఇల్లు గడిచే లెక్క. వాళ్ళలో అనుభవం పండినవారు “మూస్ యెక్కడ వుంది?” అని ఆలోచన మొదలు పెట్టరు. “ఈ నెలలో దానికేం కావాలి?” అని మొదలు పెడతారు. ఆ రెండో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటిదానికి తానే దొరుకుతుంది.

మూస్ అనే పేరు అక్కడి ఆదివాసుల అల్గాంక్వియన్ భాషల నుంచి వచ్చింది. బెరడు ఒలుచుకు తినేది అని దాని అర్థమంటారు. పేరులోనే సగం ఆచూకీ వుంది చూడండి! కాళ్ళు పొడుగు, మెడ పొట్టి. నేలమీది గడ్డి మేయటం దానికి అవస్థ. నోటికందే యెత్తులోని లేత రెమ్మలు, చిగుళ్ళు, బెరడు దాని తిండి. వేసవిలో రోజుకు 20 కిలోలకు పైగా మేస్తుంది. ఆకలి తరువాత దాన్ని నడిపించేది వేడి. వేసవిలో 14 డిగ్రీలు దాటితేనే దానికి బాధ మొదలవుతుందని పరిశోధకులు లెక్క కట్టారు. హైదరాబాదులో పుష్యమాసపు తెల్లవారుజామున మనం రగ్గు కప్పుకొనే చలి దానికి ఉక్కపోత అన్నమాట.

అందుకే వేసవిలో మూస్‌ను చెరువుల్లోను, బురద మడుగుల్లోను చూడాలి. నీళ్ళు ఒంటికి చల్లదనమిస్తాయి. అంతకంటె ముఖ్యం, నీటి మొక్కల్లో ఉప్పు వుంటుంది. చెట్ల రెమ్మల్లో అది బహు తక్కువ. చలికాలమంతా కొరతపడిన ఉప్పును ఈ రెండు మూడు నెలల్లో భర్తీ చేసుకోవాలి గనుక మెడ దాకా దిగి, తల ముంచి మరీ మేస్తుంది.

కొత్తవాడు పొరపడేది ఇక్కడే. జూలైలో ఫలానా చెరువులో మూడింటిని చూశాను గదా అని సెప్టెంబరులో అక్కడే గుడారం వేస్తాడు. అప్పటికి నీటి మొక్కలు ముదిరిపోతాయి, మూస్‌కు అవసరం మారుతుంది. చెరువు అక్కడే వుంటుంది, మూస్ వుండదు.

సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా యెద కాలం. వేటగాళ్ళందరూ కాచుకొని వుండేది దీనికే. అంతవరకు పొదల్లో నక్కి వున్న పోతు తిండి మానేసి పెంటిని వెతుక్కుంటూ బయలుదేరుతుంది. కొమ్ములతో చెట్లను రుద్దుతుంది. కాళ్ళతో గుంటలు తవ్వి, అందులో మూత్రం పోసి పొర్లుతుంది. బెరడు చెక్కుకుపోయిన మొక్కలు, ఘాటుగా వాసన కొట్టే గుంటలు కనిపిస్తే పోతు దగ్గరలోనే వున్నట్టు.

ఈ రోజుల్లో పెంటి గొంతును అనుకరిస్తూ పిలిస్తే పోతు వస్తుంది. పిలవటానికి వాడే బూర బర్చి చెట్టు బెరడుతో చుట్టినది. బర్చి అంటే మరేదో కాదు, మన పూర్వులు తాళపత్రం దొరకని చోట గ్రంథాలు రాసుకొన్న భూర్జపత్రం ఆ కుటుంబానిదే. హిమాలయాలలో శ్లోకాన్ని మోసిన బెరడు అక్కడ మూస్ పిలుపును మోస్తున్నది! గాలి లేని చల్లని ఉదయం, సాయంకాలం ఆ పిలుపు చాలా దూరం పోతుంది. మూస్ చూపు మందం గాని, చెవి, ముక్కు మహా చురుకు. పిలుపు విన్న పోతు తిన్నగా రాదు. చుట్టు తిరిగి, మనిషి మీదుగా గాలి వీచే వైపుకు చేరి వాసన పట్టి చూస్తుంది. గాలి వాటం చూసుకోకుండా కూర్చున్నవాడు యెంత బాగా పిలిచినా శ్రమ వృథా.

యెద ముగిసేసరికి పోతు చిక్కి శల్యమవుతుంది. ఇక పిలుపులకు పలకదు. పోయిన కండ తిరిగి పట్టాలి గనుక రెమ్మలు దండిగా వున్నచోటికి చేరుతుంది. మంచు మోకాటి లోతున్నా దాని పొడుగు కాళ్ళకు లెక్కలేదు. అది 90 సెంటీమీటర్లకు చేరితే మాత్రం నడక ప్రాణాంతకం. అప్పుడు కొండల మీద నుంచి నదీ లోయలకు దిగి, విల్లో పొదలను ఆశ్రయిస్తుంది. లేదా స్ప్రూస్, ఫర్ వంటి సతత హరిత వృక్షాల కిందికి చేరుతుంది. ఆ గుబురు కొమ్మలు మంచును పైనే ఆపేస్తాయి.

ఇంతకూ అన్ని కాలాల్లోను తిండి పుష్కలంగా వుండే చోటేది? విచిత్రమేమిటంటే, కాలిపోయిన అడవి. ముదురు అడవిలో కొమ్మలు నోటికందవు, నేలకు యెండ సోకదు. కార్చిచ్చు తరువాత విల్లో, బర్చి, ఆస్పెన్ మొక్కలు గుబురుగా లేస్తాయి. అలాస్కాలోని కీనై ద్వీపకల్పంలో 1941లో మూస్ కోసమే ఒక రక్షిత ప్రాంతం యేర్పరిచారు. 1947లో అక్కడ 3 లక్షల యెకరాలకు పైగా అడవి కాలిపోయింది. అంతా పోయిందనుకొన్నచోట తరువాతి యేళ్ళలో మూస్ మందలు పెరిగాయి. మొక్కలు చెట్లై తల యెత్తాక మళ్ళీ తగ్గాయి. అందుకే తెలిసిన వేటగాడు యే అడవి యే సంవత్సరంలో కాలిందో పటం ముందు పెట్టుకొని చూస్తాడు.

జాడ దొరికితే పని అయిపోయిందనుకోకండి. పెద్ద పోతును కొడితే 200 కిలోలకు పైగా మాంసం వస్తుంది. అదంతా భుజాల మీద మోసుకు రావాలి. బురదలో రెండు మైళ్ళు మోసినవాడికి తెలుస్తుంది, గురి చూసేముందు పడవ యెంత దూరంలో వున్నదో లెక్క చూసుకోవాలని. తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలి కొమ్ములు మాత్రం తెచ్చుకోవటం అలాస్కాలో నేరం. అక్కడ చాలా ప్రాంతాలలో పెద్ద పోతు కొమ్ముల వెడల్పు 50 అంగుళాలుండాలనో, లేదా కొమ్ము ముందు భాగాన ఇన్ని కొనలుండాలనో నిబంధన వున్నది. రెండు కళ్ళ మధ్య దూరం సుమారు 10 అంగుళాలు; దాన్నే కొలబద్దగా పెట్టుకొని దూరం నుంచే అంచనా కట్టాలి. అనుమానం వస్తే తుపాకి దించాలి.

ఈ నిబంధనలు ఊరికే పుట్టలేదు. ఆకలినీ, యెదనూ ఆనవాలు పట్టి వెతికేవాడి ముందు ఆ జంతువు నిస్సహాయం. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మూస్ బాగా తగ్గిపోయి 1935లో వేట మూసేశారు. తిరిగి 1980లో లాటరీ వేసి, 700 మందికి మాత్రమే అనుమతి ఇచ్చారు.

ఇప్పుడు పాత లెక్కలు కూడా తప్పుతున్నాయి. శరత్తులో వేడి తగ్గకపోతే, చలికాలపు బొచ్చు అప్పటికే తొడుక్కొన్న మూస్ పగలంతా నీడ వదలదు, రాత్రిళ్ళు తిరుగుతుంది. మంచు ఆలస్యమైతే పిడుదులు చావకుండా మరికొన్నాళ్ళు దాని మీదికి యెక్కుతాయి. ఒక్కొక్క మూస్ ఒంటిమీద పదివేల లెక్కన చేరి నెత్తురు పీల్చేస్తున్నాయి. మెయిన్, న్యూ హాంప్‌షైర్ అడవులలో కొన్ని సంవత్సరాలు దూడల్లో సగానికి పైగా వసంతం చూడకుండానే చనిపోయాయి. వాటిని ముందుగా గుర్తించేది కూడా, యే నెలలో దూడ తల్లి వెంట యెక్కడ వుండాలో తెలిసినవాడే. వుండవలసిన చోట అది లేకపోతే, వేట దొరకలేదని విసుక్కొని వెళ్ళిపోకుండా, యెందుకు లేదని అడగగలిగేదీ అతడే.