ఆకాశమునకును పొలిమేరలే
పాంథుడు

ఫిన్లాండు రాజధాని హెల్సింకి నుండి జపాను రాజధాని టోక్యోకు దూరము సుమారు 7,800 కిలోమీటర్లు. గోడమీది పటమున చూచువారికి ఆ దారి మధ్యాసియా మీదుగా తిన్నగా ఆగ్నేయమునకు పోవునట్లు తోచును గాని, గోళముపై ఆ రెండు నగరములను కలుపుచు ఒక దారమును బిగించినచో అది ఉత్తరమునకు వంగి, సైబీరియా మంచునేలల మీదుగా సాగును. భూమి గుండ్రనిదగుటచే ఆ వంపుదారియే దగ్గరిదారి. దానివెంట విమానము సుమారు తొమ్మిదిన్నర గంటలలో టోక్యో చేరుచుండెడిది.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిను మీదికి దండెత్తగా, యూరపు దేశములు తమ ఆకాశమును రష్యా విమానములకు మూసివేసినవి. రష్యాయు వెనువెంటనే 36 దేశముల విమానసంస్థలకు తన ఆకాశద్వారమును బంధించినది. నాటినుండి ఫిన్లాండు విమానసంస్థయగు ఫిన్నేర్ వారి విమానము ఉత్తరధ్రువము మీదుగా పోయి, అలాస్కా వైపున దిగివచ్చి, పసిఫిక్ సముద్రము వెంబడి టోక్యో చేరవలసి వచ్చినది. ప్రయాణకాలము 13 గంటలైనది. ధ్రువము చెంత అయస్కాంత దిక్సూచి అక్కరకు రాదు. ఇంధనము –47 డిగ్రీల వద్ద గడ్డకట్ట నారంభించును గనుక, పైలట్లు దాని ఉష్ణోగ్రతను కనిపెట్టుచు, మరీ చల్లబడినచో వెచ్చని గాలి గల ఎత్తునకు దిగుటయో, వేగము పెంచుటయో చేయుదురు. ఇంతటి చుట్టుతిరుగుడునకు ప్రతిఫలముగా ప్రయాణికులకు లభించినది, ధ్రువమును దాటినట్లు సంస్థవారిచ్చిన ఒక యోగ్యతాపత్రము!

విచిత్రమేమనగా, ఇదే సంస్థ 1983లో, సోవియట్ ఆకాశము మూయబడియున్న కాలమున, డీసీ–10 విమానమునకు అదనపు ఇంధనపు తొట్లను అమర్చి, ఇదే ధ్రువమార్గమున ఎక్కడను దిగక టోక్యోకు నడపినది. నలుబది యేండ్లలో ఇంజన్లు మెరుగుపడినవి, విమానములు తేలికైనవి, దారిచూపు ఉపగ్రహములు వెలసినవి. అయినను నేటి ఏ–350 విమానము నాటి చుట్టుదారినే పట్టినది.

ఇట్లు మూయుట తప్పని నేననను. ఆ 1983 సెప్టెంబరు 1ననే దారితప్పి సోవియట్ సీమలో ప్రవేశించిన కొరియా విమానమును యుద్ధవిమానము కూల్చివేయగా 269 మంది మడిసిరి. కలహసీమల మీదుగా ప్రయాణికులను కొనిపోవుటకంటె చుట్టు తిరిగిపోవుటయే వివేకము. మరియు ఇల్లును బిడ్డలను కోల్పోయిన ఉక్రెయిను తల్లి యెదుట మన మూడున్నర గంటల ఆలస్యమును ఏకరువు పెట్టుట సిగ్గుచేటు. అయినను చీనా సంస్థల విమానములు నేటికిని ఆ సైబీరియా మీదుగానే యూరపునకు నిరాటంకముగా పోవుచున్నవి గనుక, అడ్డుపడినది మంచును కాదు, గాలియు కాదు, మనుష్యుల వైరమేయని ఒప్పుకొనక తప్పదు. మన సంగతియు భిన్నము కాదు: 2025 ఏప్రిలులో పాకిస్తాను తన ఆకాశమును మన విమానములకు మూసినది, మనమును బదులు మూసితిమి, ఢిల్లీ నుండి పడమటికి పోవు మన విమానములకు దారి పొడవైనది, ఇంధనపు ఖర్చు పెరిగినది.

శాస్త్రజ్ఞుడు దూరమును జయించి ఇచ్చిన గంటలను రాజనీతిజ్ఞుడు ఒక్క ఉత్తరువుతో తిరిగి లాగుకొనుచున్నాడు. దూరదేశములకు దారి తగ్గవలెనన్నచో కొత్త ఇంజనుకంటె ముందు కావలసినది ఇరుగుపొరుగుల సంధియే.