కలివికోడికి చందా ఎవరిస్తారు?

మొన్న అక్టోబరు మొదటివారంలో వన్యప్రాణి వారోత్సవమని మా పేట బడిలో పిల్లలు వేసిన బొమ్మలు గోడలనిండా అంటించారు. రమ్మంటే వెళ్లాను. పులులు, పులులు, మళ్లీ పులులు. మధ్యమధ్య ఒక ఏనుగు. ఒక మూల, లోకజ్ఞానం కాస్త ఎక్కువైన కుర్రవాడెవరో వేసిన చైనా పాండా. గుమ్మం దగ్గర బల్లమీద చందాడబ్బా, దానిమీదా పులిబొమ్మే. వచ్చినవాళ్లు తలా పదో, యాభయ్యో వేసి పోతున్నారు. నేనూ వేశాను. పులిమీద నాకేం కోపమా?

పులికి చందా తప్పని ఎవరూ అనరు. 1973లో ప్రభుత్వం పులుల రక్షణకు పథకం పెట్టినప్పుడు తొమ్మిది అడవులతో మొదలైంది. ఇప్పుడవి 58 అయినవి. 2022 లెక్కల్లో దేశం మొత్తంమీద తక్కువలో తక్కువ 3,167 పులులు తేలినవి. డబ్బూ, శ్రద్ధా కలిసివస్తే ఏమవుతుందో చూపడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. నా అనుమానమల్లా ఒక్కటే. మనం ఇచ్చేది జంతువుకా, దాని మొహానికా? గుళ్లో ట్యూబులైటు ఇచ్చినవాడు వెలుతురుకు అడ్డం వచ్చినా సరే దానిమీద తన పేరు రాయించుకుంటాడు. ఇచ్చిన డబ్బు కంటికి కనబడాలి. హైదరాబాదు జూలో జంతువులను దత్తత తీసుకునే ఏర్పాటున్నది, మంచిదే. కాని దత్తతకు దొరకాలంటే ముందు బోనులో ఉండాలి గదా! బోనులో లేనిదీ, పగలు కనబడనిదీ, మీసాలు లేనిదీ అయిన జీవి గతేమిటి?

అటువంటిది మన కడప జిల్లాలోనే ఒకటున్నది. దాని పేరు కలివికోడి. పేరుకే కోడి, నిజానికి తీతువుపిట్టకు దూరపు చుట్టం. జానెడుకు కాస్త ఎక్కువ పొడవు, పెద్ద పెద్ద కళ్లు, రొమ్ముమీద అడ్డంగా రెండు పట్టీలు. పగలంతా పొదల్లో దాక్కుని రాత్రిపూట నేలమీద పరుగెత్తుతుంది. కలివిపొదల మధ్య తిరుగుతుంది గనక కలివికోడి. 1848లో దీన్ని శాస్త్రజ్ఞుల పుస్తకాల్లోకి ఎక్కించినవారు ఇంగ్లీషువారు. మద్రాసు పటాలంలో డాక్టరుగా ఉన్న జెర్డన్ దొర సంపాదించిన పిట్ట గనక బయటి ప్రపంచంలో దీనికి ఆయన పేరే నిలిచింది. 1900లో అనంతపురం ప్రాంతాన ఒకసారి కనబడి, తరువాత మాయమైంది. అంతరించిపోయిందనే చాలామంది తీర్మానించారు.

ఎనభయ్యారేళ్లు గడిచినవి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వారు దీని బొమ్మ పట్టుకుని పల్లెపల్లెకూ తిరిగారు. సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో పిట్టలు పట్టేవాళ్లు ఆ బొమ్మ చూసి, "ఇదా? కలివికోడి గదా!" అన్నారట. ప్రపంచం పోగొట్టుకున్నది గాని, ఆ ఊరివాళ్లు పోగొట్టుకోలేదన్నమాట. ఇందులో పెద్దలు సిగ్గుపడవలసిన సంగతి కొంత ఉన్నది. 1986 జనవరిలో అక్కడివాడొకడు రాత్రి దీపం వెలుతురులో ఒక పిట్టను పట్టుకున్నాడు. తొంభయ్యో పడికి దగ్గరపడుతున్న సలీం ఆలీగారు కబురు విని బొంబాయి నుంచి హుటాహుటిన బయలుదేరారు. వారు చేరేసరికి పిట్ట చచ్చిపోయింది. బతికున్న కలివికోడిని పట్టి చూపవలసిన ఘడియ అలా దాటిపోయింది.

అయితేనేం, ఆర్భాటం మాత్రం బాగానే జరిగింది. పత్రికల్లో బొమ్మలు పడినవి. 1988లో లంకమల అడవిని దీనికోసం అభయారణ్యం చేశారు. అదే సంవత్సరం తపాలాశాఖవారు దీని బొమ్మతో బిళ్ల వేశారు. కాపాడవలసిన జీవుల జాబితాలో ఢిల్లీవారు దీని పేరూ రాశారు. పిమ్మట అందరూ ఎవరి పనుల్లోకి వారు వెళ్లిపోయారు.

వెళ్లనివాళ్లు కొద్దిమంది ఉన్నారు. వాళ్లు పొదల మధ్య సన్నటి మట్టి పరిచి, తెల్లవారి అడుగుజాడలు వెతికారు. రాత్రులు కూచుని దాని అరుపు రికార్డు చేశారు. ఏళ్ల తరబడి చేసిన ఆ చాకిరీలో తేలిన సంగతి చిత్రమైనది. దీనికి చిక్కటి అడవి పనికిరాదు, బొత్తిగా బోడినేలా పనికిరాదు. అక్కడొకటి అక్కడొకటి పొదలుండి, మధ్య పరుగెత్తడానికి మట్టినేల కావాలి. మేకలు కొంత మేసి, ఆడవాళ్లు వంటచెరుకు కొంత కొట్టుకుపోతుంటేనే ఆ నేల అలా ఉంటుంది. మితిమీరి మేస్తే పొద మిగలదు. కంచెవేసి ఊరివాళ్లను తరిమేస్తే పొదలు మూసుకుపోయి పిట్టకు దారి ఉండదు. అంచేత "అడవి చుట్టూ గోడ కట్టండి, చెక్కు రాసిస్తాం" అనే దాతలకు ఇక్కడ పని లేదు. మేకల కాపరిని లెక్కలోకి తీసుకునే ఉపాయం కావాలి.

ఇంతకూ ఆ నేలను చూస్తే మనబోటివాళ్లం బీడు అంటాం. రెవెన్యూ లెక్కల్లోనూ పనికిరాని భూమి కిందే జమ. పనికిరాని భూమికి పనికొచ్చే మార్గం చూపాలని ఎవరికి మాత్రం ఉండదు? అభయారణ్యం హద్దులకు అవతల కొంత నిమ్మతోటలయింది. 2005లో ఏకంగా అభయారణ్యంలోనే తెలుగుగంగ కాలువకోసం యంత్రాలు దిగి తవ్వడం మొదలుపెట్టినవి. సీమరైతుకు నీళ్లు వద్దని అనగలిగే గుండె నాకు లేదు. కరువంటే ఏమిటో ఆ జిల్లావాళ్లను అడగాలి. కాని పిట్టను కనిపెట్టుకుని ఉన్న ఆ కొద్దిమందే అది చూసి గోల పెట్టారు. వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన సంఘం దాకా వెళ్లింది. చివరకు కాలువ దారి మార్చారు, దానికి వేరే భూమి సేకరించారు. అదంతా ప్రజల సొమ్మే. కాలువా ఆగలేదు, పిట్టచోటూ పూర్తిగా పోలేదు. నన్నడిగితే కలివికోడికి అందిన అసలు చందా అదీ. ఏ డబ్బామీదా దీని బొమ్మ లేదు, ఏ దాత పేరూ చెక్కలేదు. ఆ వేళకు అక్కడ కళ్లు తెరుచుకుని నలుగురు ఉన్నారు, అంతే.

ఆ నలుగురిని అక్కడ ఉంచడానికే ఎవరూ డబ్బివ్వరు. పులికి కెమెరా పెడితే బొమ్మ వస్తుంది, బొమ్మ వస్తే పేపర్లో పడుతుంది. కలివికోడికోసం పదేళ్లు చెవులొగ్గితే ఏ రాత్రీ ఏమీ వినబడకపోవచ్చు. నిజంగానే పదేళ్లకు పైగా వినబడలేదు. "ఏమీ లేదు" అని నెలనెలా రాసి పంపేవాడికి నెలనెలా జీతం ఇవ్వడం మన దాతలకూ, ఖజానా గుమాస్తాలకూ కూడా నచ్చని పని.

2025 ఆగస్టులో పక్షులను వెతికేవాళ్లు కొందరు ఆ ప్రాంతంలోనే దాని అరుపు మళ్లీ రికార్డు చేశారని వార్త వచ్చింది. మా ఇంట్లో కాఫీ దగ్గర దీనిమీద చర్చ జరిగింది. "అయితే ఇంకేం, ఉన్నదన్నమాట" అని మా ఆవిడ సంతోషించింది. మా పెద్దవాడు మాత్రం కోటి రూపాయలతో అక్కడొక కేంద్రం కట్టించి, వాకిట్లో ఏడడుగుల కలివికోడి విగ్రహం పెడితే యాత్రికులు వస్తారని లెక్క వేశాడు. అదే కోటిని బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీతో చుట్టుపక్కల ఊళ్ల కుర్రవాళ్లను ఇద్దరినో ముగ్గురినో చీకట్లో కూచుని వినే ఉద్యోగంలో ఎల్లకాలం ఉంచవచ్చునని నేను లెక్క వేశాను. వాడు ఒప్పుకోలేదు. విగ్రహమైతే కనబడుతుందట.