దసరాకు పోతే ఒప్పు, ఛఠ్‌కు పోతే తప్పా?

పరాయి ప్రాంతంవాళ్లతో పనిచెయ్యాలంటే వాళ్ల సంస్కృతిలో కనబడని భాగాన్ని పట్టుకోవాలట. శిక్షణ తరగతుల్లో మంచుకొండ బొమ్మ వేసి మరీ చెబుతున్నారు: తిండి, బట్ట, భాష నీళ్ల పైన, నమ్మకాలు, స్వభావాలు నీళ్ల కింద. ఇది తలకిందుల పాఠం. ముందు చూసుకోవాల్సింది మన నీళ్ల కింద.

సిద్దిపేట చుట్టుపక్కల ఏ రైస్ మిల్లుకైనా వెళ్లండి. లారీ దగ్గర 40 కిలోల వడ్ల బస్తాలు వీపున మోసేవాళ్లలో ఎక్కువమంది బీహారోళ్లే. 2020 మే 8న, లాక్‌డౌన్‌లో వలస కూలీలంతా సొంతూళ్ల దారి పడితే, బీహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందలమందికి పైగా కూలీలు ప్రత్యేక రైల్లో లింగంపల్లిలో దిగారు. మంత్రులు ఎదురెళ్లి స్వాగతం పలికారు. యాసంగి వడ్లు కల్లాల్లో ఉన్నాయి మరి!

అదే హమాలీ వానాకాలం వడ్లు వచ్చే వేళ, దీపావళి తర్వాత ఆరో రోజు ఛఠ్ పూజకు ఊరికి పోయాడనుకోండి. ‘వాళ్లంతే, సీజన్ల చెయ్యిస్తరు’ అంటాం. సద్దుల బతుకమ్మకు, దసరాకు మనవాళ్లు పనిలోకి రాకపోతే కారణం అడిగే మొనగాడు ఉన్నాడా? సంక్రాంతి దాటాక ఓ ఆదివారం డ్రైవర్ కనబడకపోతే, కొమురవెల్లి మల్లన్నకు పట్నం వేయించడానికి పోయాడని మనమే సర్దిచెబుతాం. మనది మొక్కు, వాళ్లది బాధ్యత లేనితనం!

ఇంకో మెప్పుకోలు ఉంది: ‘బీహారోళ్లు నోరెత్తరు, మంచోళ్లు.’ చాలాచోట్ల రేటు మాట్లాడేది ఠేకేదారు, ఇంటికాడ అడ్వాన్సు ఇచ్చేదీ అతనే. కూలిలో కోత ఎందుకు పడ్డదని హమాలీ ఎవర్ని అడగాలి? బాకీపడ్డవాడు నోరు మూసుకుంటే దానికి స్వభావం అని పేరు పెట్టడం యజమానికి సుఖంగానే ఉంటుంది.

ఈ మంచుకొండ పాఠాలకు ఆద్యుడిగా చెప్పుకునే ఎడ్వర్డ్ హాల్, పరాయివాళ్లను చదవడం కన్నా మన పద్ధతులను మనం గుర్తుపట్టడమే కష్టమని 1959లోనే ‘ది సైలెంట్ లాంగ్వేజ్’లో వాదించాడు. శిక్షకులు ఆ ముక్క ఎగ్గొట్టి బొమ్మ మాత్రం ఉంచుకున్నారు.

హిందీ నేర్చుకోవద్దనడం లేదు. ఛఠ్ ప్రసాదం తిని ఫొటో దిగితే అర్థం చేసుకున్నట్టు కాదంటున్నాను. కూలి రేటు, కోతలు రాసిన పాసుబుక్కు ఠేకేదారు తెచ్చే ప్రతి వలస కూలీకీ ఇవ్వాలని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమే అప్పట్లో చెప్పింది. మిల్లు యజమానులారా, వచ్చే సీజన్‌కు ముందే రేటు, సెలవులు ఠేకేదారుతో సరిపెట్టక ఒక్కొక్క హమాలీకి చెప్పండి. డ్యూటీ చార్టులో దసరా సెలవు పక్కనే ఛఠ్ తేదీ కూడా రాయండి.