డ్రమ్ సెట్టుకు మైకులు కొనబోయి

ఈ మధ్య మనకు వచ్చిన ఉత్తరాలలో నాలుగింటిలో ఒకే ప్రశ్న ఉన్నది. ఇంట్లో అబ్బాయో అమ్మాయో డ్రమ్ సెట్టు నేర్చుకొంటున్నారు, దానిని రికార్డు చేయాలంటే ఎన్ని మైకులు కొనాలి, తక్కువలో ఏవి వస్తాయి అని. ఊరగాయ జాడీల గురించీ, పసిపిల్లల పళ్ల గురించీ వ్రాసికొనే ఈ శీర్షికకు ఇదేమి సంబంధమని కొందరు నవ్వవచ్చు. కాని ఈ విషయంలో మేమే చేతులు కాల్చుకొన్నవాళ్లము. ఇంకొకరు కాల్చుకోకుండా చెప్పడం మా విధి.

మా వీధి చివరి ఇంట్లో ఒక తాతగారు ఉన్నారు. కోలారు బంగారు గనులలో పనిచేసి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత బూదికోటలో కొడుకు దగ్గరకు చేరారు. వయసులో ఉండగా పగలు గనిలో పని, క్రిస్మసు వచ్చిందంటే రాత్రుళ్లు ఆంగ్లో ఇండియన్ల డాన్సులకు డ్రమ్ములు వాయించడం. ఆ ఊరిని ‘లిటిల్ ఇంగ్లండ్’ అని ఊరకే అనలేదు గదా! బ్యాండువాళ్లు తలొక దిక్కూ పోయినప్పుడు డ్రమ్ సెట్టు తాతగారి వంతుకు వచ్చింది. ఇప్పుడు వారికి ఎనభై దాటాయి. కుడిచేయి వణుకుతున్నది. “కాఫీ గ్లాసు పట్టుకొంటే వణుకుతాదప్పా, కర్ర పట్టుకొంటే వణకదు” అంటారు. అది నిజమే, మేము చూశాము. అయితే ఆ నిజం ఇంకెన్నాళ్లు నిలుస్తుందో ఎవరు చెప్పగలరు? అందుకని మనుమడూ, మన సంఘం పిల్లలూ కలిసి తాతగారి వాద్యం రికార్డు చేయాలని సంకల్పించి, ఇల్లిల్లూ తిరిగి 20,000 రూపాయలు పోగుచేశారు. లెక్క చూసే బాధ్యత మా మెడకు చుట్టారు.

మైకు బూదికోటకు క్రొత్త వస్తువు కాదు. హైదరాలీ పుట్టిన ఊరని చరిత్ర పుస్తకాలలో ఒక్క వాక్యంతో సరిపెట్టే ఈ ఊరిలోనే, 2001లో యునెస్కో సాయంతో, మైరాడా, వాయిసెస్ అనే సంస్థల పూనికతో ‘నమ్మ ధ్వని’ వెలసింది. అప్పటికి పల్లె జనం సొంతంగా రేడియో నడుపుకొనడానికి లైసెన్సు లేదు. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరిచింది 2006లో. అందుచేత ఇక్కడివాళ్లు 2003లో తమ కార్యక్రమాలను కేబుల్ టీవీ తీగె మీదుగా ఇండ్లకు పంపారు. జహీరాబాదు దగ్గర మాచనూరులో మన తెలుగు స్త్రీలు నడిపే సంగం రేడియో 2008లో గాలిలోకి వచ్చింది. అంతకు ఐదేండ్ల ముందే మా ఊరి ఆడవాళ్లు మైకు పట్టారని మేము కొంచెం గర్వంగానే చెప్పుకొంటాము.

ఇంత చరిత్ర ఉన్న ఊరిలో ఉండి, మేము చేసిన పని వినండి. బెంగుళూరు పోయి, ఏడు మైకులు ఒకే పెట్టెలో అందంగా అమర్చి అమ్ముతుంటే చూసి మురిసి 12,000 పోసి కొన్నాము. పెద్ద డ్రమ్ముకొకటి, స్నేరుకొకటి, టామ్‌లకు మూడు, పైన తాళాలకు రెండు. తీగెలకు ఇంకొక 3,000. స్టాండ్లకు చాలక కొన్నింటిని పురికొసతో వ్రేలాడదీశాము. షామియానాల వారి దగ్గర మిక్సరు ఎరువు తెచ్చి, ఏడింటినీ కలిపి రెండు దారులుగా రికార్డు చేశాము. తాతగారు గంటసేపు చెమటలు క్రక్కుతూ వాయించారు. తీరా వింటే, బకెట్టు మీద గరిటెతో కొట్టినట్లున్నది. పెద్ద డ్రమ్ము కడుపులో దమ్ము లేదు, తాళాలేమో నూనెలో చేప వేసినట్లు చుయ్యిమంటున్నవి. తాతగారు చివరిదాకా విని, “ఇది నేను కొట్టిందేనా?” అని ఒక్క మాట అడిగి లేచిపోయారు. ఆ మాట మాకు వారం రోజులు నిద్ర పట్టనీయలేదు.

తప్పు మైకులది మాత్రమే కాదు. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. అంటే ఒక మీటరు దాటడానికి సెకనులో వెయ్యో వంతులు మూడు పడుతుంది. స్నేరు మీద ఒక్క దెబ్బ వేస్తే, అది ఏడు మైకులకూ ఏడు వేర్వేరు క్షణాలలో చేరుతుంది. అవన్నీ కలిపేసరికి ఒక మైకులో అల పైకి లేచే వేళకు ఇంకొకదానిలో క్రిందికి దిగుతూ ఉంటుంది, ఒకదానినొకటి మ్రింగివేస్తాయి. ఏడు దారులూ విడివిడిగా ఉండి ఉంటే తరువాత కూర్చుండి సర్దుకొనవచ్చును. మేము ముందే కలిపి ముద్ద చేశాము. ఉప్పు ఎక్కువైన పులుసులోనుంచి ఉప్పు తీయగలమా?

ఆ సమయంలో మాకు బుద్ధి చెప్పింది, నమ్మ ధ్వని తొలినాళ్లలో మైకు పట్టడం నేర్చిన ఒక అక్క. ఆమె వచ్చి మైకుల పెట్టె వంక చూడనైనా చూడలేదు. తాతగారిని వాయించమని, ఒక చెవి మూసికొని, రెండవ చెవితో వింటూ సెట్టు చుట్టూ తిరిగింది. ఒకచోట నిలబడి, “ఇక్కడ బాగుంది. ఇక్కడ పెట్టండి మైకు” అన్నది. “ఒక మైకుకు ఉండేది ఒక చెవే గదన్నా” అని మాకు వివరించింది. ఈ ఒక్క కిటుకుకు కానీ ఖర్చు లేదు.

వెనకటి రోజులలో అసలు మైకే లేదు. 1925లో కరెంటు రికార్డింగు వచ్చేదాకా పెద్ద కొమ్ము ముందర పాడేవారు, వాయించేవారు. పెద్ద డ్రమ్ము కొడితే మైనం మీద గీత గీసే సూది ఎగిరిపడుతుందని, అమెరికాలో జాజ్ వాద్యకారులచేత దానిని మాన్పించి చెక్క దిమ్మెల మీద కొట్టించేవారట. ఇక 1960ల చివర లండనులో గ్లిన్ జాన్స్ అనే ఆయన లెడ్ జెప్లిన్ బృందం డ్రమ్ములను మూడు నాలుగు మైకులతోనే పట్టాడు. ఇప్పటికీ ఆ పద్ధతిని ఆయన పేరుతోనే పిలుస్తారు. మన జేబుకు సరిపోయేది ఇదే.

పద్ధతి చెబుతాము. మొదటి మైకు స్నేరుకు సూటిగా పైన, మూడు నాలుగు అడుగుల ఎత్తున. రెండవది వాద్యకారుని కుడి ప్రక్కన, నేలమీద నిలబడే టామ్‌కు కొంచెం పైన, దాని మీదుగా స్నేరు వైపు చూస్తూ. కీలకమంతా ఇక్కడే ఉన్నది: స్నేరు నడుమనుంచి ఈ రెండు మైకులకూ దూరం సమానంగా ఉండాలి. టేపు అక్కరలేదు, ఒక దారం చాలు. దారం కొసను స్నేరు మీద వ్రేలితో అదిమిపట్టి మొదటి మైకుదాకా లాగి ముడివేసి, అదే ముడి రెండవ మైకును తాకేటట్లు స్టాండు జరపాలి. అప్పుడు స్నేరు దెబ్బ రెండింటికీ ఒకేసారి చేరుతుంది, దానిని మ్రింగేవాడు ఉండడు. మూడవ మైకు పెద్ద డ్రమ్ము దగ్గర. డబ్బు మిగిలితే నాలుగవది స్నేరు ప్రక్కన. మిగలకపోతే లోటేమీ లేదు.

ఇక ఏ రకం కొనాలన్న సంగతి. మైకులలో ముఖ్యంగా రెండు జాతులు. డైనమిక్ అనేది మొరటుది: అయస్కాంతం, తీగెచుట్ట, ఒక పొర, అంతే. క్రింద పడినా బ్రతుకుతుంది, కరెంటు అడగదు, ఎంత గట్టి దెబ్బకైనా తట్టుకొంటుంది. కండెన్సరు సున్నితమైనది. తాళాల మెరుపూ, కర్ర కొస చప్పుడూ పట్టగలదు. కాని దానికి తీగె వెంబడే 48 వోల్టుల కరెంటు అందించే పెట్టె కావాలి, తేమ పనికిరాదు. పైన పెట్టే రెండూ కండెన్సర్లు, పెద్ద డ్రమ్ముకు డైనమిక్. తలక్రిందులుగా కొని బాధపడకండి.

మేము ఏడు మైకుల పెట్టెను ఒక పెండ్లి బ్యాండువారికి 8,000కు అమ్మేశాము. 4,000 నష్టం, లెక్కలో దాచకుండా వ్రాశాము. చేతిలో ఉన్న 5,000తో కలిపి 13,000 అయింది. జతగా అమ్మే సన్న కండెన్సర్లు బెరింగర్ సీ-2 అనేవి 6,500, అదే కంపెనీ డైనమిక్ మైకు ఎక్స్ఎమ్ 8500 ఒకటి 2,000, బరువైన పొడుగు స్టాండ్లు రెండు 2,400. ఇవి మేము కొన్ననాటి ధరలు, మీరు విచారించి కొనండి. స్టాండు దగ్గర పిసినారితనం వద్దు. తేలిక స్టాండు వంగి మైకు డ్రమ్ము మీద పడితే ఆరున్నర వేలకూ నీళ్లు వదలవలసిందే. మైకులను కంప్యూటరుకు కలిపే నాలుగు దారుల పెట్టె మాత్రం మనుమడి స్నేహితుడు ఎరువిచ్చాడు. అది లేనివాళ్లు ముందు దానికి డబ్బు తీసిపెట్టుకొని, తరువాత మైకుల మాట ఎత్తడం మంచిది.

పేరుమోసిన షూర్ ఎస్ఎమ్ 57 కొనరాదా అంటారేమో. 1965నుంచి ఉన్న మైకు, స్నేరుకు దానిని మించినది అరుదు. కొనగలిగినవారు కొనండి. అయితే దానికి నకిలీలు విపరీతం. మాకు తెలిసిన ఒకరు సగం ధరకు వచ్చిందని సంబరపడి తెచ్చుకొన్నది చేతిలోకి తీసికొంటే తేలిగ్గా, డొల్లగా ఉన్నది. ధర మరీ దిగి వచ్చిందంటే అనుమానించాలి.

మిగిలిన 2,100లో 1,900 పెట్టి స్నేరుకు క్రొత్త పొర వేయించాము. పిల్లలు గొణిగారు, ఇంకొక మైకు వచ్చేదే అని. పాత పొర నడుమ అద్దంలాగా అరిగి ఉన్నది. వాద్యం పలకనిదే మైకు ఏమి పలుకుతుంది?

పెద్ద డ్రమ్ము దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. పాటల డైనమిక్ మైకు పెడలు దెబ్బను పట్టింది గాని, అడుగున ఉండే గుంభనం పట్టలేదు. దానికోసమే చేసిన మైకులు వేరే ఉన్నవి, ధర ఎక్కువ. అప్పుడు తాతగారి కొడుకు ఒక సంగతి గుర్తు చేశాడు: స్పీకరూ డైనమిక్ మైకూ ఒకే యంత్రం, దారి మాత్రం ఎదురు. 1966లో బీటిల్స్ రికార్డింగులో బాస్ గిటారు కోసం స్పీకరునే మైకుగా వాడారు కూడా. మేము అటక మీది పాత స్పీకరు ఒకటి దించి, దాని రెండు తీగెలను మైకు ప్లగ్గుకు కలిపి, పెద్ద డ్రమ్ముకు నాలుగంగుళాల ఎదురుగా స్టూలు మీద నిలబెట్టాము. ధమ్మని పలికింది! ఒక హెచ్చరిక: ఆ దారిలో 48 వోల్టులు ఆపివేయాలి, ధ్వని మట్టం బాగా తగ్గించుకొని మొదలుపెట్టాలి.

స్థలం గురించి ఒక మాట. నాలుగు గోడల సిమెంటు గదిలో డ్రమ్ము కొడితే గోడలే ఎక్కువ వాయిస్తాయి. అదృష్టవశాత్తు మా ఇంటి వెనుక పట్టుపురుగుల షెడ్డు, గూళ్లు అమ్మేసి ఖాళీగా ఉన్నది. గోడలకు ఆనించిన వెదురు చంద్రికలు ధ్వనిని చెదరగొట్టాయి. మూలలలో బొంతలు వ్రేలాడదీశాము. కంప్యూటరును ఛార్జరునుంచి ఊడదీసి బ్యాటరీ మీద నడిపితే వెనుకనుండే హుమ్మనే రొద కూడా పోయింది. ధ్వని ఎర్రగీతకు చాలా క్రిందనే ఉంచాము. క్రొత్త యంత్రాలలో ఒకసారి గీత దాటి పగిలిన ధ్వని మళ్లీ అతుకదు.

తాతగారు మొదట రానన్నారు. మనుమడు బ్రతిమాలగా, వెంట పలక వాయించే ముసలాయన ఒకరు వస్తేనే కూర్చుంటానన్నారు. పలకను మనవాళ్లు చిన్నచూపు చూస్తారు. చిక్కబళ్ళాపురం జిల్లా పిండిపాపనహళ్ళి మునివెంకటప్పగారికి తమటె వాద్యానికి 2023లో పద్మశ్రీ వచ్చిన తరువాతనైనా ఆ చూపు మారాలి. 2007దాకా అది మన కోలారు జిల్లానే. పలకాయన బయట గడ్డిమంట వేసి చర్మం కాచుకొని వచ్చి పది నిమిషాలు వాయించేవారు, చర్మం చల్లబడగానే మళ్లీ మంట దగ్గరకు. అందువల్ల మైకులు ముందే సిద్ధం చేసి, మంట దగ్గరనుంచి ఆయన లేవగానే మీట నొక్కడం అలవాటు చేసికొన్నాము. ఆయనకు వేరే మైకు పెట్టలేదు. ఆరడుగుల ఎడంగా, పై రెండు మైకులూ ఆలకించేచోట నిలబెట్టాము. పలక ఎక్కువగా వినబడితే మైకు జరపలేదు, ఆయన్ను ఒక అడుగు వెనక్కి జరగమన్నాము.

మొత్తం 22 నిమిషాలు వచ్చింది. ఆ రాత్రే తాతగారి చెవులకు హెడ్‌ఫోను తగిలించి కూర్చోబెట్టాము. కళ్లు మూసికొని విన్నారు. కాలు నేలమీద దానంతట అదే ఆడింది. చివర మేమంతా నోరు తెరుచుకొని చూస్తుంటే హెడ్‌ఫోను తీసి, “పెడలు కిచకిచమంటా ఉండాది, విన్లేదా మీరు? రేపు నూనె వేస్తా. ఆదివారం మళ్లా తీద్దాం, ఆయప్పకు చెప్పండి” అన్నారు.

దారం ముడి విప్పకుండా షెడ్డులో మేకుకు తగిలించి ఉంచాము.