చదువుచుండగా ఆరిపోవు తెర

ఒక పాఠశాలయందు మేము స్వయముగా చూచిన సంగతిని మొదట విన్నవించుచున్నాము. లైనక్సు నడచుచున్న ఒక కంప్యూటరు ముందు ముగ్గురు బాలురు కూర్చుండి తెరమీది భూగోళ పాఠమును మెల్లగా చదువుచుండిరి. ఒకడు చదువుచుండగా తక్కిన యిద్దరు కాగితములపై వ్రాసికొనుచుండిరి. అయిదు నిమిషములు గడచునంతలో తెర నల్లబడెను. ఉపాధ్యాయులు వచ్చి, "ఏమిరా, ఏమి నొక్కితివి?" అని గద్దించిరి. "నేనేమియు ముట్టలేదండీ" అని వాడు కన్నీళ్ల పర్యంతమై చెప్పెను. మౌసు కదల్పగా తెర వెలిగెను గాని తాళము పడియుండుటచేత మరల సంకేతపదము కావలసివచ్చెను. ఆ గంటలో నిట్లు నాలుగు మారులు జరిగెను. వారమునకు ఒక్క గంట మాత్రమే కంప్యూటరు దొరకు బాలురకు ఇది స్వల్పమైన నష్టము కాదు.

బాలుడు చెప్పినది నిజము. వాడు దేనినో ముట్టుటచేత తెర ఆరలేదు; ఎవ్వరును ముట్టకుండుటచేతనే ఆరినది. కంప్యూటరు మన కన్నులను ఎరుగదు. చేతులను మాత్రమే ఎరుగును. కీబోర్డుగాని మౌసుగాని కదలకున్నయెడల, ఎదుట కూర్చున్నవాడు సోమరియై యున్నాడనియో లేచిపోయెననియో తలచి, నియమించిన వేళకు తెరను ఆర్పివేయును. చదువుట, వినుట, ఆలోచించుట దాని లెక్కలో పనులు కావు. ఈ లెక్క బడికి తగినది కాదని మా అభిప్రాయము. మెల్లగా చదువువానికే దీనివలన ఎక్కువ కష్టము కలుగుచున్నది.

అయినను ఈ నియమము ఊరక పుట్టినది కాదు. పూర్వపు గాజుగొట్టపు మానిటర్లలో ఒకే బొమ్మ చిరకాలము నిలిచినచో దాని ముద్ర తెరపై శాశ్వతముగా పడుచుండెను. అందువలన తెరను ఆర్పు ఉపాయము ఏర్పడినది. విద్యుత్తు ఆదా కొరకు 1993వ సంవత్సరమున వీసా అను ప్రమాణ సంస్థవారు డీపీఎంఎస్ అను పద్ధతిని ఏర్పరచిరి. దాని ప్రకారము కంప్యూటరు సంకేతమును ఆపినచో మానిటరు తానే నిద్రించును. నేటి పలుచని తెరలకు మొదటి భయము చాలవరకు తీరినది. రెండవ ప్రయోజనము ఇప్పటికిని గలదు.

ఇక నివారణోపాయము. సంగము వారికి దీనిని కాలువ ఉపమానముతో చెప్పుట సులభము. మన పెన్నపై 2022 సెప్టెంబరులో ప్రారంభమైన మేకపాటి గౌతమ్ రెడ్డి సంగం బ్యారేజీ యున్నది. పొలమునకు నీరు రానప్పుడు రైతు తటాలున బ్యారేజీని నిందింపడు. మొదట తన మడి గండిని చూచును. పిదప పిల్లకాలువను, తూమును చూచుకొనుచు పైకి పోవును. తెరయు అట్టిదే. దానిని ఆర్పగల తలుపులు ఒకటి కాదు, నాలుగైదు గలవు. ఏ తలుపు మూసికొన్నదో కనుగొని దానినే తెరువవలెను.

మొదటిది మానిటరు. టైపు చేయుచుండగా కూడ తెర ఆరిన యెడల, వదులైన తీగనో, కరెంటునో, పరికరపు లోపమునో అనుమానింపవలెను. సెట్టింగులను దిద్దినందున లాభము లేదు. చేయి తగిలినంతనే వెలిగిన యెడల అది నిద్రయే. కొన్ని మానిటర్లకు తమంతట తాము ఆరు గడియారము సొంత పట్టికలో ఉండును, దానిని చూడవలెను.

రెండవది డెస్కుటాపు. గ్నోమ్ డెస్కుటాపునందు సెట్టింగ్సులోని పవర్ పుటలో స్క్రీన్ బ్లాంక్ అను వరుస గలదు. అది సాధారణముగా అయిదు నిమిషములకు పెట్టబడియుండును. దానిని పదునైదు నిమిషములకో, నెవర్ అను మాటకో మార్చవచ్చును. కంప్యూటరే నిద్రించు ఆటోమేటిక్ సస్పెండ్ వేరు. దానిని కూడ చూడవలెను. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్కుటాపునందు పవర్ మేనేజర్ ఒకటి, స్క్రీన్‌సేవర్ మరియొకటి యుండును. ఒకదానిని సరిచేసి రెండవదానిని మరచుటచేతనే పలువురు "మార్చినను ఫలము లేదు" అందురు.

మూడవది వీని అడుగున నుండు ఎక్స్ సర్వరు. టెర్మినలు తెరచి ఎక్స్‌సెట్ క్యూ అని టైపు చేసినచో దాని గడువులు కనబడును. ఎక్స్‌సెట్ అను మాట వెంట ఎస్ ఆఫ్ అని ఒకమారు, మైనస్ గుర్తును చేర్చి డీపీఎంఎస్ అని మరియొకమారు ఇచ్చినచో అది తెరను ఆర్పుట మానును. ఈ ఆజ్ఞ లాగౌటు వరకే నిలుచును. వేలాండ్ పద్ధతిలో నడచు నేటి డెస్కుటాపులు దీనిని పాటింపవు. అచ్చట డెస్కుటాపు సెట్టింగులే శరణ్యము. కేవలము అక్షరములు మాత్రమే కనబడు కన్సోలునకు కెర్నెలులోని కన్సోల్‌బ్లాంక్ అను సంఖ్యను సున్న చేయవలెను.

అయితే అన్ని తలుపులను ఎల్లకాలమును తెరచియుంచుడని మేము చెప్పము. బడి విడిచిన పిదప రాత్రియంతయు తెరలు వెలుగుట దుబారా. తలిదండ్రులు కట్టిన రుసుముతోనో, ప్రజల పన్నుతోనో ఆ కరెంటు వచ్చుచున్నది. పాఠము జరుగునంతసేపు మాత్రము నిద్రను ఆపుటయే ఉత్తమము. గ్నోమ్‌సెషన్ ఇన్హిబిట్ అను ఆజ్ఞ అందుకే యున్నది. చదువు పుస్తకమును దాని ద్వారా తెరచినచో పుస్తకము మూయువరకు తెర మేలుకొనియుండును. మూసిన వెంటనే పాత నియమము అమలగును. చలనచిత్రమును చూపు ప్రోగ్రాములు ఈ వేడుకోలును సాధారణముగా తామే చేసికొనును. చిత్రము చూచువానికి గల సదుపాయము పుస్తకము చదువువానికి లేకుండుట న్యాయమా?

"పిల్లలచే సెట్టింగులు ముట్టించినచో యంత్రము చెడును" అని కొందరు ఉపాధ్యాయులు శంకింతురు. ఆ భయము పూర్తిగా నిరాధారము కాదు. గాని లైనక్సునందు ఈ మార్పులు ఆ విద్యార్థి ఖాతాకే చెందును. కెర్నెలు సంగతి తప్ప తక్కినవానికి యజమాని సంకేతపదము అక్కరలేదు. మార్చకముందు ఉన్న గడువును నోటుపుస్తకములో వ్రాసికొని, పిమ్మట మార్చి, ఫలమును కనిపెట్టి వ్రాయుమని చెప్పుడు. అదియే విజ్ఞానశాస్త్ర పాఠమగును.

రిచర్డ్ స్టాల్మన్ 1983లో గ్నూ ఉద్యమమును ప్రకటించుటయు, లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఫిన్లాండునందు లైనక్సును వెలువరించుటయు మన విద్యార్థులు చదువుదురు. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు దానిని తెలుగున నడుపుటకు పాటుపడిరి. ఎవరైనను విప్పి చూచి, నేర్చి, దిద్దుకొనవచ్చుననుటయే ఆ శ్రమకు ప్రాణము. అట్టి యంత్రమును బల్లమీద నుంచి "ముట్టవద్దు" అని పిల్లలకు చెప్పినచో దాని వలని ముఖ్యలాభమును మనమే పోగొట్టుకొనుచున్నాము.

విద్యార్థులారా, ఈసారి తెర నల్లబడినప్పుడు భయపడకుడు. మౌసును కదల్చి ఊరకుండకుడు. ఏ తలుపు మూసికొన్నదో వెదకుడు. ఉపాధ్యాయులారా, "ఏమి నొక్కితివి?" అని అడుగుటకు ముందు "గడువెంత యున్నది?" అని అడుగుడు. నాడు గద్దింపబడిన బాలునకు మనము చెల్లింపవలసిన బాకీ ఇదియే.